నిలువుకాళ్ళ కొలువు



నేను ముప్పదిమూడు సంవత్సరములు బడిలో తెలుగు చెప్పి విరమించినవాడను. వ్యాకరణమును అలంకారశాస్త్రమును గురుముఖమున చదువుకొన్నవాడనే కాని వైద్యము చదివినవాడను కాను. అట్టివాడు నడుము నొప్పిని గూర్చి మాటలాడ బూనుట సాహసమని మీలో కొందరు తలంపవచ్చును. అయినను ఈ బాధను నేను గ్రంథములలో కంటె ముందుగా నా యొడలియందే చదివితిని. చదివినది చెప్పుట పంతులుకు అలవాటు కదా!

మొదట నా తప్పు ఒకటి ఒప్పుకొందును. పాఠము రాని పిల్లవానికి మన బడులలో వేయుచుండిన శిక్ష యేమి? బెంచీ ఎక్కి నిలబడుమనుట. నేనును వేసితిని. 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టము పిల్లలను శారీరకముగా దండింపరాదని నిషేధించిన పిదప మానితిని. అంతకు ముందే మానియుండవలసినది. ఒక గంట కదలక నిలబడుట శిక్షయని పసిపిల్లలకు తెలియును. పది గంటలు కదలక నిలబడుట ఉద్యోగధర్మమని పెద్దలము ఎట్లు నమ్మితిమో నాకు బోధపడదు.

పంతుళ్ళది నిలువుకాళ్ళ కొలువే. పాఠము చెప్పునప్పుడు నిలుచుండుటలో తప్పు లేదు. పిల్లల ముఖములు కనబడును, గొంతు చక్కగా పలుకును. అయితే నేను పనిచేసిన యొక బడికి తనిఖీకై వచ్చిన అధికారి యొకరు, కుర్చీయున్నచో పంతులు నిద్రపోవునని తలంచి, తరగతులలోని కుర్చీలన్నియు ఆఫీసు గదిలోనికి తీయించిరి. నాటినుండి ఉదయము మొదలు సాయంకాలము వరకు సిమెంటు నేలపై నిలువుకాళ్ళతో నుంటిని. ఏబదియవ యేడు దాటిన తరువాత ఒకనాడు నల్లబల్లపై సంధిసూత్రము వ్రాసి వెనుకకు తిరుగబోవగా నడుము పట్టివేసినది. సుద్దముక్క చేతిలోనే యున్నది. పిల్లలు నవ్వలేదు, అందువలననే నా ముఖమెట్లుండెనో నాకు తెలిసినది.

తైలములు రాయించితిని. పది దినములు మంచముపై కదలక పడుకొంటిని. లేచునప్పటికి నొప్పి తగ్గకపోగా కాళ్ళలో సత్తువ తగ్గెను. అప్పుడు వైద్యుడు చెప్పిన మాట నాకు వింతగా తోచినది: “పడుకోకండి మాస్టారూ, నడవండి. నొప్పి ఓర్చుకోగలిగినంతలో మామూలు పనులు చేసుకోండి.” ఇప్పటి వైద్యశాస్త్రము చెప్పునదియు ఇదియే. సాధారణమైన నడుము నొప్పి పలువురకు కొన్ని వారములలో దానంతట నదియే తగ్గును. దీర్ఘకాలము మంచము పట్టుట దానికి మందు కాదు.

ఇది ఏదో కొందరి బాధయని తలంపకుడు. 2020 సంవత్సరమున ప్రపంచమునందు సుమారు 61 కోట్ల 90 లక్షల మందికి నడుము నొప్పి యుండినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. మన పూర్వులును దీనిని ఎరుగుదురు. చరకసంహితలో వాతవ్యాధులను చెప్పుచోట గృధ్రసి యను పేరున, నడుమునుండి తొడకు, మోకాలికి, పిక్కకు, పాదమునకు దిగు నొప్పి వర్ణింపబడినది. గృధ్రమనగా గ్రద్ద. ఆ నొప్పి గలవాని నడక గ్రద్ద నడకవలె నుండుట చేత ఆ పేరు వచ్చినదందురు. పేరు పెట్టినవాడు రోగిని కన్నులార చూచినవాడే.

నిలబడుట చేత నడుము ఏల నొచ్చును? బరువు మోయలేదు, మూట ఎత్తలేదు, ఊరక నిలుచుంటిమి. ఇందు శ్రమ ఎక్కడిదని అడుగువారు కలరు. శ్రమ ఆ ‘ఊరక’ యందే యున్నది. నడుచునప్పుడు కండలు బిగియుచు సడలుచు నుండును. సడలినప్పుడు రక్తము లోనికి వచ్చును, బిగిసినప్పుడు పోవును. కదలక నిలుచున్నప్పుడు నడుము కండలు సడలుటకు తావు లేక గంటల తరబడి కొద్దిగా బిగిసియే యుండును. వానికి రక్తము చాలదు, అలసట తీరదు. నిండు చెంబును చేయి చాచి పట్టుకొని నిలువుడు. చెంబు బరువెంత? అయినను కొంతసేపటికే చేయి వణకును. అదే చెంబుతో చెరువునుండి ఇంటికి నడిచి రావచ్చును.

ఇంకొకటి. నడుము దగ్గర అయిదు పెద్ద వెన్నుపూసలు కలవు. పూసకు పూసకు నడుమ మెత్తని బిళ్ళ యుండును. పెద్దవారిలో ఆ బిళ్ళల లోపలికి రక్తనాళములు దాదాపుగా పోవు. చుట్టునుండి ఊరి చేరు పోషణము వలననే అవి బ్రదుకును. బరువు పడుచు తొలగుచు నుండుట ఆ ఊటకు సాయము. కాళ్ళ సంగతియు ఇట్టిదే. పాదములకు దిగిన రక్తమును పైకి నెట్టునది పిక్కలోని కండ. అందుచేతనే వైద్యులు పిక్కను రెండవ గుండె యందురు. పిక్క కదలనిచో రక్తము క్రిందనే నిలుచును, చీలమండలు వాచును, ఏండ్లు గడచినకొలది నరములు మెలికలు తిరిగి ఉబ్బుటయు కలదు.

కెనడా దేశమునందలి వాటర్లూ విశ్వవిద్యాలయమువారు, ఎన్నడును నడుము నొప్పి ఎరుగని పడుచువారిని రెండేసి గంటలు బల్లయొద్ద నిలబెట్టి పరీక్షించిరి. వారిలో పలువురికి ఆ రెండు గంటలలోనే నడుము నొచ్చినది. నొప్పి పుట్టనివారిని గమనింపగా, వారు మొదటి పావుగంటనుండియే ఎక్కువగా కదలుచు, నడుమును సర్దుకొనుచుండిరట. నొచ్చిన తరువాత కదలుట కాదు, నొవ్వకమునుపే కదలుట. మా బడిలో కుదురుగా నిలువని పిల్లవానిని “ఒంటికాలి కొంగా!” యని వెక్కిరించెడివారము. వాడే తెలివిగలవాడు.

ఇక చేయదగిన దేమి? వైద్యుడు నాకు చెప్పినవానిలో మిక్కిలి ఉపకరించినది ఇటుక. ఒక ఇటుకను ప్రక్కకు నిలిపినచో సుమారు నాలుగున్నర అంగుళముల ఎత్తుండును. నిలుచున్నచోట దానిని నేలపై నుంచి ఒక పాదము దానిపై మోపవలెను. కొంతసేపటికి ఆ పాదము దించి రెండవది పెట్టవలెను. ఆరంగుళముల ఎత్తుగల పీటయైనను సరే. ఇంత స్వల్పమైన దానివలన నడుమునకు ఏమి సుఖమని సందేహింపవలదు. నడుము పూసలనుండి తొడ యెముకకు పోవు బలమైన కండ యొకటి కలదు. కాళ్ళు రెండును నిటారుగా నున్నప్పుడు అది బిగిసి పూసలను ముందునకు లాగును. తొడ కొంచెము ముందునకు లేచినచో అది సడలును. నడుము వంపు తగ్గి హాయి కలుగును.

ఇటుకయనగానే మీకు పండరిపురము జ్ఞప్తికి వచ్చియుండును. తల్లిదండ్రుల సేవలో మునిగియున్న పుండరీకుడు ఇటుక విసరి దానిపై నిలువుమనగా, పాండురంగడు చేతులు నడుముపై నుంచుకొని యుగయుగములుగా నిలిచియున్నాడని కథ. ఆ చేతులు నడుముమీదికి ఏల పోయినవో యని నాకు బడిలో నిలుచున్నప్పుడు అనుమానము కలిగెడిది. స్వామి రెండు పాదములను ఇటుకపైననే నిలిపెను. మనము ఒక్కటి మాత్రమే నిలుపుదము. అపచారమైనచో ఆయనయే క్షమించును.

తరువాత పని చేయు బల్ల ఎత్తు. దీనిని గూర్చి కొంచెము విరివిగా చెప్పెదను; ఏలయన మన యిండ్లలో జరుగు పొరపాటు ఇచ్చటనే కలదు. మనిషి నిటారుగా నిలిచి మోచేయి మడచినప్పుడు అది ఎంత ఎత్తున నుండునో అదియే కొలత. కూరలు తరుగుట, బట్టలు మడచుట వంటి తేలిక పనికి బల్ల మోచేతికి రెండు మొదలు నాలుగు అంగుళములు దిగువ నుండవలెను. కంసాలి చేయు సన్నపు పనివంటిది నిలుచుండి చేయవలసివచ్చినచో మోచేతికి రెండంగుళములు పైన నుండవచ్చును. బలము పెట్టి అదుమవలసిన బరువు పనికి సుమారు జానెడు, అంతకు కొంచెము ఎక్కువ దిగువ నుండవలెను.

మా వీధిలో బండిపై ఇస్త్రీ చేయునతడు ఒకడు కలడు. బొగ్గుల పెట్టె అయిదారు కిలోల బరువు. బండి అతని తండ్రి చేయించుకొన్నది. తండ్రి పొట్టి, కొడుకు పొడగరి. ఇరువది యేండ్లుగా ఆ కొడుకు తండ్రి కొలతకు వంగి పనిచేయుచుండెను. సాయంకాలమునకు నడుము నిలువకుండెడిది. నిలుచుటకై అతడు ఆశ్రయించిన యుపాయము మీకు చెప్పనక్కర లేదు. ఒకనాడు నేను త్రాడు తీసికొనిపోయి అతని మోచేయి కొలిచితిని. బండి జానెడున్నర తక్కువగా నుండెను. చక్రముల క్రింద రెండేసి ఇటుకలు పరచి, కదలకుండ రాళ్ళు బిగించితిమి. కాళ్ళ క్రింద పాత గోనెసంచి నాలుగు మడతలు వేసితిమి. కఠినమైన నేలపై అట్టి మెత్తనిది కాలికి సుఖము. నెల దినములకు నొప్పి పూర్తిగా పోయినదని చెప్పలేను. సాయంకాలము పిల్లవానిని సైకిలెక్కించి నెట్టుచు తిరుగుట మాత్రము నేను చూచితిని.

మన వంటయిండ్ల మాట వినుడు. పూర్వము స్త్రీలు పీటపై కూర్చుండి కత్తిపీటతో తరిగి, పొయ్యి ముందు కూర్చుండి వండెడివారు. అందులోను మోకాళ్ళకు శ్రమ కలదు. పూర్వాచారమంతయు సుఖమని నేననను. ఇప్పుడు రాతిపలక పరచిన గట్టులు వచ్చినవి, నిలుచుండి వండుచున్నారు. గట్టు ఎత్తు నిర్ణయించువాడు మేస్త్రీ. అతడు అడుగునది ఇంటి యజమానుని. ఆ గట్టుయొద్ద నాలుగు గంటలు నిలువవలసిన ఇల్లాలిని అడుగువాడు లేడు! మీలో ఎవరైన ఇల్లు కట్టించుచున్నచో, గట్టు వేయు దినమున ఆమెను నిలబెట్టి మోచేయి కొలిపింపుడు. గట్టు అడుగున కాలివ్రేళ్ళు దూరునంత సందు విడిపింపుడు. సందు లేనిచో మనిషి గట్టుకు దూరముగా నిలిచి వంగవలసివచ్చును. ఇందులకు ఖర్చు లేదు, మేస్త్రీతో ఒక మాట ఖర్చు.

తక్కినవి త్వరగా చెప్పెదను. మోకాళ్ళను వెనుకకు బిగించి నిలువరాదు. అరగంటకొకసారి నాలుగడుగులు వేయవలెను. వీలు లేనిచో నిలిచినచోటనే మడమలెత్తి దించుట పది పర్యాయములు చేయవలెను. ముందునకు వంగి పనిచేసినవారు మధ్యమధ్య నడుముపై చేతులుంచి మెల్లగా వెనుకకు వంగవలెను. అరిగి ఒకవైపు ఒరిగిన చెప్పులు మార్చవలెను. రాత్రి ప్రక్కకు తిరిగి పడుకొనువారు మోకాళ్ళ నడుమ చిన్న దిండు పెట్టుకొన్నచో సుఖము. చుట్ట, బీడీ కాల్చువారికి నడుము నొప్పి ఎక్కువగా వచ్చునని పరిశోధనలు చెప్పుచున్నవి. మనవారికి ఈ మాట రుచింపదు గాని దాచుట ధర్మము కాదు. నిలుచుట చెడుగని దినమంతయు కూలబడి యుండుటయు మందు కాదు. కొంత నిలుచుట, కొంత కూర్చుండుట, కొంత నడచుట.

ఒక హెచ్చరిక మాత్రము నిదానముగా వినుడు. నడుము నొప్పితోపాటు మలమూత్రములపై అదుపు తప్పినను, మూత్రము బిగిసినను, తొడల లోపలి భాగము తిమ్మిరెక్కి స్పర్శ తెలియకున్నను, కాలు పట్టు తప్పి ఈడ్చుకొనిపోవుచున్నను, ఇటుకయు గోనెసంచియు చూచుకొనుచు కూర్చుండరాదు; ఆ గడియలోనే పెద్ద ఆసుపత్రికి పోవలెను. జ్వరముతో గాని, కారణము లేక చిక్కిపోవుటతో గాని, పడి దెబ్బ తగిలిన తరువాత గాని వచ్చిన నొప్పిని వైద్యునకు చూపవలెను. నడుము తొక్కించుట, మొలత్రాడుకు తాయెత్తు కట్టించుట మాని ముందు ఇది చేయుడు.

ఇంతవరకు చెప్పినది ఎవరి నడుము వారు కాపాడుకొనుట. తన నడుముపై తనకు అధికారము లేనివారి మాట యేమి?

పోయిన శ్రావణమున మనుమరాలి పెండ్లి బట్టలకై పట్టణమునకు పోయితిమి. పెద్ద అంగడి, మూడంతస్తులు. చీరలు చూపుచున్న అమ్మాయి నన్ను గుర్తుపట్టి, “మాస్టారూ, నమస్కారమండీ, కూర్చోండి” అని ఎత్తుపీట జరిపినది. నా శిష్యురాలు. శబ్దము అప్పచెప్పలేదని ఆమెను బెంచీ ఎక్కించిన దినము నాకు జ్ఞప్తియందున్నది, ఆమెకును ఉండవచ్చును. రెండు గంటలు చీరలు పరచినది, మడచినది. ఒక చేయి మాటిమాటికి నడుముమీదికి పోవుచుండెను. “నువ్వూ కాస్త కూర్చోవమ్మా” అంటిని. ఆమె తలయెత్తి గోడమీది కెమెరాను చూచి, “కూర్చుంటే జీతంలో కోస్తారండీ” అన్నది. ఉదయము పది మొదలు రాత్రి తొమ్మిది వరకు నిలుచుటయే. భోజనమునకు అరగంట. ఆమెకు ముప్పది యేండ్లు నిండలేదు.

నేను కూర్చున్న పీటపై నాకు కూర్చుండ బుద్ధి పుట్టలేదు. అంగడి యజమాని నాకు ముఖపరిచయము గలవాడే. పోయి అడిగితిని. ఆయన కోపపడలేదు. “కొనేవాళ్ళు వచ్చినప్పుడు అమ్మేవాళ్ళు కూర్చుంటే మర్యాదగా ఉండదండీ” అన్నాడు. నేనంటిని: “మీ నాన్నగారి కొట్లో పరుపుమీద తెల్ల దుప్పటి పరచి ఉండేది. ఆయన కూర్చునే చూపించేవారు, మేము కూర్చునే కొనేవాళ్ళం. అప్పుడు మాకు మర్యాద తక్కువైందని ఎవరూ అనలేదే!” ఆయన నవ్వి ఊరకుండెను.

ఈ తగవు మనదొక్కటియే కాదు. ఇంగ్లండులో 1899 నాటికే, అంగళ్ళలో పనిచేయు స్త్రీలకు ముగ్గురికి ఒకటి చొప్పున తక్కువ కాకుండ ఆసనములుంచవలెనని శాసనము చేసిరి. మన దేశమున 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 44వ విభాగము, నిలుచుండి పనిచేయు కార్మికులకు వీలు దొరికినప్పుడు కూర్చుండుటకు ఏర్పాటుండవలెనని విధించినది. అయితే అది కర్మాగారములకే వర్తించెను గాని అంగళ్ళకు వర్తింపలేదు. కేరళములో కోళిక్కోడు పట్టణపు బట్టల అంగళ్ళ స్త్రీలు, పి. విజి యను ఆమె నడిపిన పెణ్‌కూట్టు సంఘముతో గూడి ఏండ్ల తరబడి పోరాడగా, 2018లో అచ్చటి అంగళ్ళ చట్టమును సవరించి కూర్చుండు హక్కు నిచ్చిరి. 2021లో తమిళనాడు శాసనసభయు అట్టి సవరణనే చేసినది. కూర్చుండుటకు హక్కని పేరుపెట్టి చట్టము చేయవలసివచ్చుట చూచి నవ్వువారు, ఒక్క దినము ఆ బల్ల వెనుక నిలిచి చూడవలెను.

చట్టము వచ్చువరకు ఆగనక్కరలేని పని యొకటి మీ చేతిలో నున్నది. పెండ్లి బట్టలకు పోవునప్పుడు పదిమంది పోవుదుము, వేలకు వేలు ఖర్చుపెట్టుదుము. ఆ దినమున అంగడివానికి మన మాటకంటె బరువైన మాట లేదు. “అమ్మాయీ, కూర్చుని చూపించు, మాకేమీ తక్కువ కాదు” అని మీవంటి పెద్దవారు యజమానికి వినబడునట్లు అనుడు. పదిమంది పెద్దలు పది అంగళ్ళలో అన్నచో ఆ మర్యాద అనునది తానే మారును.

ఆ అంగడికి నేను దసరాకు మరల పోయితిని. బల్లల వెనుక నేలపై చెక్కపీటలు వేయించియున్నారు. నా శిష్యురాలు ఒక పాదము దానిపై నుంచి నిలిచియున్నది. “కాస్త నయమండీ” అన్నది. కూర్చుండుటకు పీటలెప్పుడని యజమానిని అడుగగా, “చూద్దాం మాస్టారూ, ఈ పండుగ రద్దీ వెళ్ళనివ్వండి” అన్నాడు. రద్దీ వెళ్ళినది. సంక్రాంతికి మనుమలకు బట్టలు తీయవలసియున్నది. ఆ అంగడికే పోయెదను.

సెలవు.